ఓపెన్ సోర్స్‌లో 30 రోజుల సస్పెన్షన్: నా అనుభవం

2025 జూలై 9, బుధవారం. రొట్టెల పండగ రోజులు. నెల్లూరు వీఆర్సీ సెంటర్ దగ్గర మా డీటీపీ షాపులో ఊపిరాడనంత పని. స్వర్ణాల చెరువు దగ్గర కట్టాల్సిన స్వాగతం ఫ్లెక్సీ ఒకటి నాలుగోసారి మారుస్తున్నాను. అప్పుడొచ్చింది ఆ మెయిల్. "మీరు చేసిన వ్యాఖ్యల గురించి మాకు ఫిర్యాదు అందింది" అన్నది మొదటి వాక్యం. పంపింది ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఒకదాని కోడ్ ఆఫ్ కాండక్ట్ కమిటీ, అంటే ప్రవర్తన నియమావళి చూసేవాళ్లు. కోడ్ అందరికీ తెరిచి ఉంచి, ఎక్కడివాళ్లైనా కలిసి తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్ సోర్స్ అంటారు. ఆ ప్రాజెక్టులో ఆరేళ్లుగా తెలుగు అనువాదాలు చూస్తున్నది నేనే.

ఆ రోజు నుంచి సెప్టెంబరు దాకా ఏం జరిగిందో వరసగా రాస్తున్నాను. ఇలాంటిది ఎవరైనా తెలుగులో రాశారేమోనని ఆ రాత్రి ఎంత వెతికినా నాకు దొరకలేదు. ప్రాజెక్టు పేరు చెప్పను. ఎదుటి మనిషిని గుర్తుపట్టే వివరం కూడా ఏదీ రాయను.

ముందు నేను చేసిందేమిటో చెప్పాలి. జూలై 6, ఆదివారం రాత్రి పదకొండున్నర దాటింది. షాపు మూసి ఇంటికొచ్చి, అన్నం కూడా తినకుండా, పెండింగులో ఉన్న అనువాదాలు చూద్దామని కూర్చున్నాను. కొత్తవారెవరో 140 స్ట్రింగులు ఒకేసారి పంపి ఉన్నారు. మెనూల్లో, బటన్ల మీద కనిపించే మాటల్ని మేం స్ట్రింగులంటాం. మొదటి పేజీలోనే 'ఫ్రీ స్పేస్' అన్నచోట 'ఉచిత స్థలం' అని ఉంది. డిస్కులో ఎంత ఖాళీ ఉందో చూపించే చోటది, 'ఖాళీ స్థలం' అనాలి. దాని కింద 'క్లోజ్'కు 'దగ్గర' అని. పేరాను కుడివైపుకు జరిపే 'రైట్' బటనుకు 'సరైనది' అని. ఎవరో అనువాదం చేసే మెషిన్‌లో వేసి, చదవకుండా తెచ్చి ఇక్కడ పోశారని నా మనసులో పడిపోయింది. పద్దెనిమిదేళ్లుగా పెళ్లి పత్రికలూ కరపత్రాలూ కంపోజ్ చేస్తున్నవాణ్ని. ఒక ఒత్తు తప్పు పడితే నాకు నిద్ర పట్టదు. అందరికీ కనిపించేచోట ఇలా రాశాను:

"ఇది తెలుగేనా? మెషిన్‌లో వేసిన చెత్త తెచ్చి ఇక్కడ పోస్తే ఏరుకోవడానికి మేం ఉన్నామా? తెలుగు రాకపోతే ఊరుకో, మమ్మల్ని చంపొద్దు."

అంతటితో ఆగలేదు. 'ఉచిత స్థలం' కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, పంపినవారి పేరు కూడా కనిపిస్తుండగానే మా తెలుగు అనువాదకుల టెలిగ్రామ్ గ్రూపులో పెట్టాను. "ఎన్ని అంకణాలు వస్తుంది?" అని ఒకరు అడిగారు, మా వైపు ఇళ్ల స్థలాలు కొలిచేది అంకణాల్లోనే. "రిజిస్ట్రేషన్ ఖర్చులు ఎవరివి?" అని ఇంకొకరు. నవ్వు బొమ్మలు వరసగా పడ్డాయి. నేనూ ఒకటి పెట్టి పడుకున్నాను.

ఇక కమిటీ మెయిల్ సంగతి. ఎక్కడా గద్దింపు లేదు, చాలా మర్యాదగా ఉంది. నాకు భయం వేసింది కూడా ఆ మర్యాద చూసే. రెండు లింకులు ఇచ్చారు, ఒకటి నా వ్యాఖ్య, రెండోది గ్రూపులో పెట్టిన ఫొటో. ఇంకా ఏ నిర్ణయమూ తీసుకోలేదు, మీ వైపు నుంచి వినాలనుకుంటున్నాం, వారం లోపల జవాబివ్వండి అన్నారు. ఫిర్యాదు చేసిందెవరో చెప్పం, కనుక్కోవాలని చూడొద్దు, ఆ స్ట్రింగులు పంపినవారితో ఏ దారిలోనూ మాట్లాడొద్దు అన్నారు. ఐదుగురి కమిటీలో ఒకరు గతంలో నాతో కలిసి పనిచేశారు కాబట్టి ఈ విషయం నుంచి తప్పుకున్నారని కూడా రాశారు. చివర్లో, మీకు ఏ భాష సౌకర్యమైతే ఆ భాషలోనే రాయండి అని ఉంది. ఆ మాట నేను ఊహించలేదు.

మూలాపేటలో ఇంటికి వచ్చేసరికి ఒళ్లంతా కోపం. ఆరేళ్లు, ఒక్క రూపాయి తీసుకోకుండా, పండగ రోజుల్లో కూడా రాత్రిళ్లు కూర్చుని చేశానే, నా మీదా ఫిర్యాదు? మా ఆవిడకు చెబుతుంటే నాయన విని, "కోడ్ అంటుండావు, ఇప్పుడు ఎలక్షన్లేం లేవు గదా" అన్నాడు. ఆయనకు విడమరచి చెప్పే ఓపిక లేక మిద్దె మీదికి పోయాను.

ఆ రాత్రే మూడు పేజీల జవాబు రాశాను. నేను ఎన్ని వేల స్ట్రింగులు చూశానో, ఎన్ని తప్పులు దిద్దానో, తెలుగు గురించి వాళ్లకేం తెలుసో, అన్నీ. పంపే ముందు ఒంగోలులో ఉన్న ఒక అన్నకు ఫోన్ చేశాను. నాకంటే ముందు నుంచీ ఈ పనిలో ఉన్న మనిషి. మొత్తం చదివించుకుని, "పంపబాక. రెండు రోజులు అట్నే ఉంచు" అన్నాడు. ఆ వ్యాఖ్య తుడిచేద్దామనుకుంటున్నానంటే అదీ చెయ్యబాక అన్నాడు, దాచుకున్నట్టు ఉంటుందని. ఆ రెండు మాటలూ వినడం నాకు మంచిదయింది.

ఇంకో మాట కూడా అన్నాడు. 2018 సెప్టెంబరులో లైనస్ టోర్వాల్డ్స్ ఏం రాశాడో చదవమన్నాడు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ మొదలుపెట్టిన ఆయన, తోటి డెవలపర్లను మెయిళ్లలో దులిపేస్తాడని పేరున్న ఆయన, ఆ నెలలో అందరికీ క్షమాపణ చెప్పి, ఎదుటివాళ్ల మనసు అర్థం చేసుకోవడంలో తనకు సాయం కావాలంటూ కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నాడు. కెర్నల్ వాళ్లు కొత్త నియమావళి పెట్టుకున్నదీ అప్పుడే. అక్టోబరులో ఆయన తిరిగొచ్చాడు. చదివాను గానీ ఆ రోజు నాకు ఎక్కలేదు. ఆయనెక్కడ, నేనెక్కడ, నేనన్నది మూడు వాక్యాలే గదా అనిపించింది.

మర్నాడు మా ప్రాజెక్టు నియమావళి తెరిచాను. ఆరేళ్ల క్రితం చేరినప్పుడు ఒప్పుకుంటున్నానని నొక్కానే గానీ చదవలేదు. చాలా ప్రాజెక్టులు వాడుకునే కాంట్రిబ్యూటర్ కావెనెంట్ 2.1నే మావాళ్లూ తీసుకున్నారు. కొరలైన్ అడా ఎంకీ అనే సాఫ్ట్‌వేర్ డెవలపర్ 2014లో మొదట రాసిన పత్రం అది. పావుగంటలో చదివేయొచ్చు. ఏం చేస్తే మంచి ప్రవర్తన, ఏం చేస్తే కాదు అని ఉంటుంది. అవమానించే, కించపరిచే వ్యాఖ్యలు కుదరవని స్పష్టంగా ఉంది. చివర్లో నాలుగు మెట్లు ఉంటాయి: తప్పు తెలియజెప్పడం, హెచ్చరిక, కొంతకాలం నిషేధం, శాశ్వత నిషేధం. నాది మొదటి మెట్టు అయ్యుంటుందని నాకు నేనే లెక్క కట్టుకున్నాను.

మా ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచరు. శనివారం రాత్రి నా వ్యాఖ్య చదివి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా ఏడో తరగతి పిల్లోడు 'ఖాళీ' అనాల్సిన చోట 'ఉచిత' అని రాశాడనుకోండి. వాడి నోట్‌బుక్‌లో నేను ఇట్టా రాసి, అది ఫొటో తీసి స్టాఫ్ గ్రూపులో పెడితే మీరు ఊరుకుంటారా?" అంది. మెషిన్‌లో వేసి తెచ్చారు కాబట్టి అన్నానన్నాను. "మీకెట్టా తెలుసు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

జూలై 14, సోమవారం జవాబు పంపాను. మూడు పేజీలది కాదు, తెలుగులో పదకొండు లైన్లు. ఆ మాటలు నావే, అలా రాసి ఉండకూడదు, మెషిన్ అనువాదమని అనుకున్నానే తప్ప నా దగ్గర ఆధారం లేదు, గ్రూపులో ఫొటో తీసేయమంటే వెంటనే తీసేస్తాను అని. మర్నాడు చిన్న జవాబు వచ్చింది. ఫొటో కాపీ తమ దగ్గర ఉంది కాబట్టి తీసేయవచ్చని, మిగతా విషయానికి కొంత సమయం పడుతుందని. తీసేశాను. అప్పటికే తొమ్మిది రోజులు అది అక్కడ ఉంది.

ఆ తర్వాత పన్నెండు రోజులు ఏమీ లేదు. మొత్తంలో కష్టమైన భాగం ఇదే. కమిటీ వాళ్లందరూ ఉద్యోగాలు చేసుకుంటూ ఖాళీ సమయంలో ఈ పని చేసేవాళ్లు, ఒక్కొక్కరిది ఒక్కో దేశం, కలిసి కూర్చోవడానికి టైము కుదరాలి. అది తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం తెల్లారి లేస్తే మెయిల్, పడుకోబోతూ మెయిల్. పనిమీద ధ్యాస లేదు. ఆషాఢం కదా, శ్రావణం పెళ్లిళ్లకు పత్రికలు వేసే రోజులు. ఒక పత్రికలో పెళ్లికొడుకు ఇంటిపేరు తప్పు కొట్టాను. 300 పత్రికలు అచ్చయ్యాక చూసుకున్నాం. మళ్లీ వేయించడానికి 2,700 రూపాయలు నా చేతి డబ్బే పడింది. పెళ్లికొడుకు తాత వచ్చి పత్రిక చేతిలో పట్టుకుని చూసి, "ఇంటిపేరు ఒక్కసారి చూసుకోని వెయ్యి అబ్బయ్యా" అన్నాడు. అంతే. టీ తాగి పోయాడు. ఆయన వెళ్లాక నేను చాలాసేపు కంప్యూటర్ ముట్టుకోలేదు.

జూలై 27, ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు వీడియో కాల్. కమిటీ నుంచి ఇద్దరు, మధ్యలో తెలుగు నుంచి ఇంగ్లీషుకు చెప్పడానికి ఒకరు. కావాలంటే తోడుగా ఒకరిని కూర్చోబెట్టుకోవచ్చన్నారు. మా ఆవిడ పక్కన కూర్చుంది. పది నిమిషాలకే కరెంటు పోయింది, ఫోన్ నుంచి నెట్ పెట్టుకుని మళ్లీ కలిశాను. మొత్తం నలభై నిమిషాలు.

కోర్టులో నిలబెట్టినట్టు ఉంటుందనుకున్నాను. అలా లేదు. వాళ్లు అడిగినవి చాలా చిన్న ప్రశ్నలు. నా వ్యాఖ్యను మా టీముతో సంబంధం లేని ఇద్దరు తెలుగువాళ్లకు విడివిడిగా ఇచ్చి అర్థం రాయించుకున్నారట. ఇద్దరూ ఒకే చోట గీత గీశారట, 'ఊరుకో' దగ్గర. పరిచయం లేని మనిషిని ఏకవచనంలో ఎందుకు అన్నారు అని అడిగారు. మా వైపు చనువుగా నువ్వు అనేస్తాం, అబ్బయ్యా అంటాం, అందులో చులకన ఉండదు అన్నాను. "మీ షాపుకు మొదటిసారి వచ్చినవారిని నువ్వు అంటారా?" అని అడిగారు. అననన్నాను. ఇంకేమీ రెట్టించలేదు, రాసుకున్నారు.

తర్వాత అడిగారు: ఆ 140 స్ట్రింగులతో పాటు ఒక చిన్న నోటు ఉంది, చదివారా? లేదన్నాను. మా రివ్యూ పేజీలో ఆ నోటు మడత పెట్టి ఉంటుంది, పక్కన ఉన్న బాణం గుర్తు నొక్కితేనే తెరుచుకుంటుంది. ఎన్నో ఏళ్లుగా దాన్ని నొక్కే అలవాటు పోయింది నాకు. దుబాసీగా ఉన్నామె పైకి చదివింది:

"ఇదే నా మొదటి పని అండి. తప్పులుంటే చెప్పండి, సరిచేసుకుంటాను."

ఆ మాటలకు నేను ఇచ్చిన జవాబు ఏమిటో పక్కనే తెర మీద ఉంది. నాకు గొంతు పెగల్లేదు. మా ఆవిడ నా మోచేతి మీద చెయ్యి వేసింది. కాసేపు ఆగుదామా అని వాళ్లే అడిగారు.

ఇంకొకటి కూడా చూపించారు. 2023లో ఒకటి, 2024లో ఒకటి, వేరే కొత్తవాళ్లకు నేను రాసిన వ్యాఖ్యలు. అవి రాసినట్టే నాకు గుర్తు లేదు. రెండింటిలోనూ 'రాకపోతే' అన్న మాట ఉంది. ఆ ఇద్దరూ ఆ తర్వాత మళ్లీ కనిపించలేదని కమిటీ వాళ్లు చెప్పలేదు. కాల్ అయ్యాక నేనే వెతికి చూసుకున్నాను.

ఆగస్టు 8, శుక్రవారం నిర్ణయం వచ్చింది. ఇంట్లో వరలక్ష్మీ వ్రతం, పేరంటాళ్లు వస్తూ పోతూ ఉన్నారు, నేను వెనక గదిలో కూర్చుని చదువుకున్నాను. మూడో మెట్టు. 30 రోజుల నిషేధం. సెప్టెంబరు 7 దాకా ప్రాజెక్టులో ఎక్కడా రాయకూడదు, రివ్యూ చేయకూడదు, గ్రూపుల్లో మాట్లాడకూడదు, సంబంధించిన వారెవరినీ పలకరించకూడదు. ఆ చివరి షరతు కమిటీకి కూడా వర్తిస్తుంది, వాళ్లంతట వాళ్లు రాస్తే తప్ప. నచ్చకపోతే 14 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. హెచ్చరికతో ఎందుకు సరిపెట్టలేదో అర పేజీ రాశారు. ఒకే తీరు మూడుసార్లు కనిపించింది, ఈసారి పేరుతో సహా నలుగురిలో పెట్టి నవ్వించడం జరిగింది. నా ఆరేళ్ల పనికి కృతజ్ఞతలు చెప్పారు, కానీ దాన్ని ఇందులో తగ్గింపుగా లెక్కవేయలేదని కూడా అక్కడే రాశారు. మొదట ఆ వాక్యం గుచ్చుకుంది. ఇప్పుడు ఆలోచిస్తే అదే సరైనది అనిపిస్తోంది. నేను పాతవాణ్ని కాబట్టి కొత్తవాళ్లను అనొచ్చు అంటే, కొత్తవాళ్లకు ఇక ఏ నియమం ఉన్నట్టు?

అప్పీలు చేయలేదు.

ఆగస్టు 23, 24 తేదీల్లో హైదరాబాదులో మావాళ్ల సమావేశం ఉంది. తెలుగు ఒత్తులు తెర మీద ఎక్కడెక్కడ విరిగిపోతున్నాయో, ఎందుకో, ఇరవై నిమిషాలు మాట్లాడమని నన్ను పిలిచారు. రెండు నెలలుగా దాని కోసం మచ్చులు పోగేసుకున్నాను. నిషేధం దానికీ వర్తిస్తుంది. సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ టికెట్లు, రానూ పోనూ రెండూ రద్దు చేశాను, టికెట్టుకు 120 చొప్పున 240 రూపాయలు కోత. డబ్బు సంగతి చిన్నదే. ఆ రెండు రోజులూ షాపులో కూర్చుని గోడ గడియారం చూస్తూ, ఇప్పుడు నా వంతు వచ్చేది అనుకోవడం చిన్నది కాదు.

నా పేరుతో బహిరంగ ప్రకటన ఏదీ రాలేదు. నా వ్యాఖ్యను తుడిచేయకుండా మూసిపెట్టి, నియమావళికి విరుద్ధమని ఒక గుర్తు తగిలించారు. కానీ రివ్యూ చేసేవాళ్ల జాబితాలో నా పేరు లేకపోయేసరికి నలుగురికీ అర్థమైంది. ఫోన్లు వచ్చాయి. తిట్టినవాళ్లు లేరు. అందరూ నా వైపే. "వాళ్లకేం తెలుసన్నా మన భాష, మన పద్ధతులు? పరాయి దేశాల రూల్సు తెచ్చి మన మీద రుద్దుతున్నారు" అన్నారు. ఈ మాట నేను ఒప్పుకోను. నా మాటకు అర్థం చెప్పింది తెలుగువాళ్లే. కొత్తగా వచ్చిన మనిషిని ఏకవచనంలో కసరకూడదని మనకు ఇంకెవరో నేర్పాలా? మా అమ్మ ఉన్నప్పుడు ఇంటికి పాలు పోసే పిల్లవాణ్ని కూడా ముందు కూర్చోమనేది.

మొదటి వారం చేతులు ఊరుకోలేదు. రాత్రి పది కాగానే వేళ్లు వాటంతట అవే ఆ పేజీకి వెళ్లేవి. రెండో వారంలో, చదవడం నిషేధం కాదు కాబట్టి, ఆ 140 స్ట్రింగులు మొదటి నుంచి చదివాను. ఆ రాత్రి నేను చూసింది తొమ్మిదే. మొత్తంలో తప్పులు 22. మిగతా 118 బాగున్నాయి. 'అన్‌డూ'కు నేను ఏనాడో పెట్టిన 'చర్యను రద్దుచేయి' కంటే అక్కడ రాసిన 'వెనక్కి తీసుకో' ఎంతో బాగుంది. మెషిన్ రాసిన తెలుగు కాదది.

ఆ 22 తప్పులూ ఎందుకు పడ్డాయో కూడా అప్పుడే అర్థమైంది. అనువదించేవాళ్లకు ఇచ్చే ఫైలులో 'క్లోజ్' అన్న మాట ఒక్కటే ఉంటుంది. అది బటన్ మీదిదా, వాక్యంలోదా, దేని పక్కన వస్తుందో ఉండదు. 'రైట్' అన్నా అంతే. ప్రతి స్ట్రింగు పైనా, ఇది ఎక్కడ కనిపిస్తుందో ఒక లైను రాసిపెట్టే వీలు ఆ ఫైళ్లలో మొదటి నుంచీ ఉంది. మా దాంట్లో ఎవరూ రాయలేదు. ఆరేళ్లుగా చూస్తున్నవాణ్ని కాబట్టి నాకు ఏది ఎక్కడొస్తుందో కంఠతా వచ్చు. కొత్తవారికి ఎలా తెలుస్తుంది? రాసిపెట్టాల్సింది నేను.

క్షమాపణ గురించి. కమిటీ నన్ను అడగలేదు. అడిగి రాయించుకున్న క్షమాపణ ఎదుటివారికి ఇంకో బరువు అవుతుందన్నారు కాల్‌లో. మీకే రాయాలనిపిస్తే మాకు పంపండి, చదవాలా వద్దా అన్నది వారి ఇష్టం అన్నారు. నిషేధం అయ్యాక సెప్టెంబరు 8న పంపాను, ఐదు లైన్లు. అలసటా పండగ రద్దీ ఏవీ అందులో రాయలేదు. ఆ నోటు నేను చదవలేదని, చదివి ఉండాల్సిందని, 140లో 118 బాగున్నాయని, 'వెనక్కి తీసుకో' నేను పెట్టినదాని కంటే మంచి మాట అని రాశాను. సెప్టెంబరు 19న కమిటీ నుంచి ఒక లైను వచ్చింది: మీ ఉత్తరం అందింది, వారు చదివారు, జవాబివ్వదలుచుకోలేదు. ఫిర్యాదు చేసింది వారేనో, గ్రూపులో చూసిన ఇంకెవరో నాకు ఈ రోజుకూ తెలియదు. కనుక్కోను కూడా.

ఆ స్ట్రింగులు నేను రివ్యూ చేయకూడదన్న షరతు అలాగే ఉంది. టీములో ఇంకొకరు 22 దిద్ది, అన్నీ చేర్చారు. నేను నిషేధం అయ్యాక సెప్టెంబరంతా ఫైలు పైనుంచి మొదలుపెట్టి, ఏ మాట ఎక్కడ కనిపిస్తుందో స్ట్రింగు స్ట్రింగుకూ ఒక లైను రాసుకుంటూ వచ్చాను. నాలుగు వందలు దాటాయి, ఇంకా ఉన్నాయి. ఇప్పుడు ఎవరు కొత్తగా పంపినా ముందు ఆ బాణం గుర్తు నొక్కి నోటు చదువుతున్నాను. మొన్న ఒకరు 'ఫ్రీ స్పేస్'కు మళ్లీ 'ఉచిత స్థలం' అనే రాశారు. "నమస్తే అండి. ఇది డిస్కులో ఎంత జాగా మిగిలిందో చూపించేచోట వస్తుంది, 'ఖాళీ స్థలం' అయితే సరిపోతుంది. ఇది ఎక్కడొస్తుందో ఫైల్లో రాసి లేదు, ఆ లోపం మాది, ఇప్పుడు చేర్చాను" అని రాశాను. రెండు గంటల్లో దిద్ది పంపారు.